ఈ కామిక్ ఏ యుగానిది? గోల్డెన్, సిల్వర్, బ్రాంజ్ ఏజ్‌ల హద్దులు గుర్తుపట్టే పద్ధతి

ఆబిడ్స్‌లో ఆదివారం పూట పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద ఒకసారి నాకు అట్ట లేని అమెరికన్ కామిక్ దొరికింది. ముందు అట్టా లేదు, వెనక అట్టా లేదు. లోపల సూపర్‌మాన్, బ్యాట్‌మాన్ లాంటివాళ్ళ బృందమైన జస్టిస్ లీగ్ హీరోలు, భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహంలో వాళ్ళ కొత్త స్థావరం. ఇంటికి తెచ్చుకుని, దుమ్ము దులిపి, ప్లాస్టిక్ కవర్లో పెట్టబోతుంటే ఒక సందేహం వచ్చింది. దీన్ని సిల్వర్ ఏజ్ పెట్టెలో పెట్టాలా, బ్రాంజ్ ఏజ్ పెట్టెలో పెట్టాలా? పది నిమిషాల్లో తేలుతుందనుకున్నాను. కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో నేర్చుకున్న పద్ధతే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

ముందుగా ఒక మాట. ఈ యుగాల పేర్లు అమెరికన్ కామిక్స్‌కి, అందులోనూ ముఖ్యంగా సూపర్‌హీరో కామిక్స్‌కి పుట్టినవి. 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్‌కో, 1967లో మొదలైన అమర్ చిత్ర కథకో వీటిని తగిలిస్తే ఏమీ తెలియదు. వాటి చరిత్ర వేరు, వాటిని వేరే లెక్కలోనే చూడాలి.

పేర్లు పెట్టింది అభిమానులే

గోల్డెన్ ఏజ్, సిల్వర్ ఏజ్ అన్న పేర్లు ఏ ప్రచురణ సంస్థా ప్రకటించలేదు. 1960లో రిచర్డ్ లుపాఫ్ అనే అభిమాని ఒక చిన్న అభిమానుల పత్రికలో రాసిన వ్యాసంలో, తన చిన్ననాటి కామిక్స్ కాలాన్ని గోల్డెన్ ఏజ్ అన్నాడు. సిల్వర్ అన్న మాట జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా 42వ సంచిక ఉత్తరాల పేజీలో కనిపిస్తుంది. అది 1966 ఫిబ్రవరి సంచిక. గోల్డెన్ ఏజ్ హీరోలను ఇలా ఒక్కొక్కరినే మళ్ళీ తెస్తూ పోతే, ఇరవై ఏళ్ళ తర్వాత జనం ఈ దశాబ్దాన్ని వెండి అరవైలు అంటారని కనెక్టికట్‌లోని వెస్ట్‌పోర్ట్ నుంచి ఒక పాఠకుడు రాశాడు. పాత కామిక్స్ అమ్మేవాళ్ళు ఆ మాట అందుకున్నారు. బంగారం, వెండి అయ్యాక కంచు, రాగి వాటంతట అవే వచ్చాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ హద్దుల మీద తీర్పు చెప్పే ఆఫీసు ఎక్కడా లేదు. 1970 నుంచి వస్తున్న ఓవర్‌స్ట్రీట్ ధరల గైడ్‌ని చాలామంది ప్రమాణంగా తీసుకుంటారు. కానీ దాంతో విభేదించే పెద్ద కలెక్టర్లూ, అంటే కామిక్స్ సేకరించేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఎవరో చెప్పిన సంవత్సరం బట్టీ పట్టడం కాకుండా, ఆ సంవత్సరం ఎందుకు చెప్పారో తెలుసుకోవాలి.

మొదటి అడుగు: తేదీ ఎక్కడ ఉందో చూడండి

అట్ట మీద నెల ఉంటుంది, చాలాసార్లు సంవత్సరం ఉండదు. అసలు తేదీ లోపల ఉంటుంది. మొదటి కథ పేజీ అడుగున గానీ, ముందు అట్ట లోపలి వైపు గానీ చీమల బారులాంటి చిన్న అక్షరాలతో నాలుగైదు లైన్లు కనిపిస్తాయి. పత్రిక పేరు, సంచిక నంబరు, నెల, సంవత్సరం, ప్రచురణకర్త చిరునామా అన్నీ అందులోనే ఉంటాయి. కలెక్టర్లు దాన్ని ఇండీషియా అంటారు. నా అట్ట లేని కామిక్ సంగతి అదే చెప్పింది: జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా, నంబర్ 78, ఫిబ్రవరి 1970.

పాత కాగితం గోధుమ రంగుకి తిరిగితే ఆ అక్షరాలు మసకబారతాయి. భూతద్దం పెట్టి చూడండి, లేదా ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. వేలితో మాత్రం రుద్దకండి.

సంచిక నంబరు చూసి కాలం అంచనా వేయకండి. ఫ్లాష్ కామిక్స్ 1949 ఫిబ్రవరిలో 104వ సంచికతో ఆగిపోయింది. పదేళ్ళ తర్వాత, 1959లో కొత్త ఫ్లాష్ పత్రిక 105తో మొదలైంది. హీరో వేరు, కథ వేరు, యుగం వేరు. నంబరు మాత్రం పాతదే కొనసాగింది. జర్నీ ఇంటు మిస్టరీ పత్రిక 126వ సంచిక దగ్గర థోర్‌గా మారింది. స్ట్రేంజ్ టేల్స్ 169 దగ్గర డాక్టర్ స్ట్రేంజ్ అయింది. నంబరు నమ్ముకుంటే ఇలాంటి చోట్ల పప్పులో కాలేస్తాం.

రెండో అడుగు: అచ్చులో తేదీ వేరు, దుకాణానికి వచ్చిన తేదీ వేరు

కామిక్ మీద వేసిన నెల, అది అమ్మకానికి వచ్చిన నెల కాదు. దుకాణదారు ఎప్పటిదాకా ర్యాక్‌లో ఉంచొచ్చో తెలియడానికి రెండు మూడు నెలల తర్వాతి తేదీ వేసేవాళ్ళు. సూపర్‌మాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ 1 మీద జూన్ 1938 అని ఉంటుంది, కానీ అది ఏప్రిల్‌లోనే వచ్చింది. కెప్టెన్ అమెరికా 1 మీద మార్చి 1941 అని ఉంటుంది, అమ్మకానికి వచ్చింది 1940 డిసెంబరులో. హిట్లర్‌ని గుద్దే ఆ అట్టబొమ్మ అమెరికా యుద్ధంలోకి దిగడానికి ఏడాది ముందుదని తెలిస్తే దాని విలువ ఇంకోలా కనిపిస్తుంది.

ఏ యుగం అని తేల్చేటప్పుడు కలెక్టర్లు సాధారణంగా అచ్చులో ఉన్న తేదీనే వాడతారు, ఎందుకంటే అది పుస్తకం మీద అందరికీ కనిపిస్తుంది. రెండు తేదీలనూ కలిపి మాత్రం లెక్క కట్టకండి. నా జస్టిస్ లీగ్ మీద 1970 ఫిబ్రవరి అని ఉంది కాబట్టి, అమెరికాలో అది 1969 చివర్లోనే చేతికి వచ్చి ఉంటుంది. ఒక లెక్కలో డెబ్బైలది, ఇంకో లెక్కలో అరవైలది.

మూడో అడుగు: హద్దురాయి ఉన్న చోట్లు గుర్తుపెట్టుకోండి

రెండు పొలాల మధ్య ఒక్కోచోట రాయి పాతి ఉంటుంది, ఇంకోచోట నలుగురు నడిచే వెడల్పాటి గట్టు ఉంటుంది. కామిక్స్ యుగాల మధ్య కూడా అంతే. రాళ్ళు ఉన్నవి రెండే చోట్ల.

మొదటి రాయి యాక్షన్ కామిక్స్ 1. జెర్రీ సీగెల్ రాసి, జో షుస్టర్ గీసిన సూపర్‌మాన్‌తో గోల్డెన్ ఏజ్ మొదలైంది. దీని మీద పెద్దగా గొడవ లేదు. పది సెంట్లకు అమ్మిన ఆ సంచిక ప్రతి ఒకటి 2024 వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. దానికంటే ముందు కామిక్స్ లేవా అంటే ఉన్నాయి. వాటిని ప్లాటినం ఏజ్ అంటారు. కానీ ఆ తర్వాత ఏడాదిలో బ్యాట్‌మాన్, ఆపైన మార్వెల్ కామిక్స్ 1 రావడానికి దారి వేసింది సూపర్‌మానే.

రెండో రాయి షోకేస్ 4, 1956 సెప్టెంబరు-అక్టోబరు సంచిక. కొత్త ఫ్లాష్, బ్యారీ అలెన్ ఇందులోనే పుట్టాడు. అట్ట మీద అతను ఫిల్ము రీలును చీల్చుకుని బయటికి పరుగెత్తుతుంటాడు. లోపలి కథ మొదట్లో, పిడుగు పడి రసాయనాల అలమర బద్దలవ్వకముందు, బ్యారీ తన ల్యాబ్‌లో కూర్చుని ఒక పాత కామిక్ చదువుతూ ఉంటాడు. అది పాత ఫ్లాష్ కామిక్స్! గోల్డెన్ ఏజ్ ఫ్లాష్ ఈ కొత్త ఫ్లాష్‌కి చిన్నప్పుడు చదువుకున్న కథ. రెండు యుగాలు ఒకే బొమ్మలో, ఒకటి ఇంకొకదాని చేతిలో. ఆ పేజీ చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

దీనికంటే ఏడాది ముందే, 1955 నవంబరు డిటెక్టివ్ కామిక్స్ 225లో మార్షియన్ మాన్‌హంటర్ వచ్చాడు కదా, సిల్వర్ ఏజ్ అక్కణ్ణుంచి ఎందుకు మొదలవ్వదు అని కొందరు వాదిస్తారు. వాదనలో బలం లేకపోలేదు. కానీ ఆ కథ బ్యాట్‌మాన్ పత్రిక చివర్లో ఇచ్చిన చిన్న అనుబంధ కథ. దాన్ని చూసి ఎవరూ పాత హీరోలను దుమ్ము దులిపి తీసుకురాలేదు. ఫ్లాష్ తర్వాతే ఎడిటర్ జూలియస్ ష్వార్ట్జ్ గ్రీన్ లాంటర్న్‌ని, హాక్‌మాన్‌ని, ఆటమ్‌ని కొత్తగా తెచ్చాడు. ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్ 1960లో సూపర్‌మాన్, బ్యాట్‌మాన్ లాంటివాళ్ళతో కలిసి జస్టిస్ లీగ్ అయ్యారు, ఆ పత్రిక అమ్మకాలు చూసి పోటీ సంస్థ మార్వెల్ 1961లో ఫాంటాస్టిక్ ఫోర్ తెచ్చింది. ఇక్కడే ఒక పరీక్ష నేర్చుకోవాలి. ఏ సంచికనైనా హద్దురాయి అనాలంటే, ముందు వచ్చిందా అని కాదు, దాని వెనక ఎవరెవరు నడిచారు అని అడగాలి.

నాలుగో అడుగు: యుగం ముగింపును మొదలుతో కలపకండి

సిల్వర్ 1956లో మొదలైంది కాబట్టి గోల్డెన్ 1956లో ముగిసింది అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. యుద్ధం అయిపోయాక సూపర్‌హీరోల అమ్మకాలు పడిపోయాయి. గోల్డెన్ ఏజ్ హీరోల బృందం జస్టిస్ సొసైటీ చివరి కథ ఉన్న ఆల్ స్టార్ కామిక్స్ 57 తేదీ 1951 ఫిబ్రవరి-మార్చి. తర్వాతి సంచిక నుంచి అది ఆల్ స్టార్ వెస్టర్న్, అంటే కౌబాయ్ కథల పత్రిక. సూపర్‌మాన్, బ్యాట్‌మాన్, వండర్ ఉమన్ లాంటి కొద్దిమందే నిలబడ్డారు. మార్కెట్‌లో హారర్, క్రైమ్, రొమాన్స్ నిండిపోయాయి. 1954లో డాక్టర్ ఫ్రెడ్రిక్ వర్థామ్ కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయని పుస్తకం రాయడం, సెనేట్ ఉపసంఘం విచారణ జరపడం, ప్రచురణకర్తలు భయపడి తమకు తామే కామిక్స్ కోడ్ అనే నియమావళి పెట్టుకోవడం, అన్నీ ఒకే ఏడాదిలో జరిగాయి.

అందుకే యుద్ధం తర్వాత నుంచి 1956 దాకా ఉన్న కాలాన్ని కొందరు అటామిక్ ఏజ్ అని విడిగా చూస్తారు. నేను కూడా అలాగే చూస్తాను. 1952 నాటి హారర్ కామిక్‌ని గోల్డెన్ ఏజ్ అనడానికి నాకు మనసొప్పదు.

ఐదో అడుగు: బ్రాంజ్ గట్టు మీద నింపాదిగా నడవండి

అసలు గొడవంతా ఇక్కడే. సిల్వర్ ఎక్కడ ఆగి బ్రాంజ్ ఎక్కడ మొదలైందో చెప్పమంటే ఐదుగురు కలెక్టర్లు ఐదు సంచికలు చూపిస్తారు. ఏదీ గాలికి అన్నమాట కాదు.

మొదట గ్రీన్ లాంటర్న్ 76, 1970 ఏప్రిల్. డెన్నీ ఓనీల్ రాసింది, నీల్ ఆడమ్స్ గీసింది. ఒక ముసలి నల్లజాతి మనిషి గ్రీన్ లాంటర్న్‌ని నిలదీస్తాడు. నీలం రంగు చర్మం వాళ్ళ కోసం పనిచేశావు, ఎక్కడో గ్రహం మీద నారింజ రంగు వాళ్ళకి, ఊదా రంగు వాళ్ళకి సాయం చేశావు, నల్ల చర్మం ఉన్నవాళ్ళ సంగతి ఏమైందని అడుగుతాడు. గ్రీన్ లాంటర్న్ తల దించుకుంటాడు. అప్పటిదాకా గ్రహాంతరవాసులతో పోరాడిన హీరో, సొంత వీధిలో జరిగే అన్యాయం ముందు నోరు మెదపలేకపోయాడు. ఇది ఇతివృత్తం మారిన చోటు.

రెండోది చిత్రకారుడు జాక్ కిర్బీ మార్వెల్ వదిలి, సూపర్‌మాన్, బ్యాట్‌మాన్‌ల ప్రచురణ సంస్థ డీసీకి వెళ్ళడం. ఫాంటాస్టిక్ ఫోర్ మొదటి సంచిక నుంచి గీస్తూ వచ్చిన ఆయన 102వ సంచికతో ఆపేశాడు. దాని తేదీ 1970 సెప్టెంబరు. డీసీలో జిమ్మీ ఓల్సన్ 133 ఆయన పేరుతో వచ్చింది అక్టోబరులో. ఇది మనిషి మారిన చోటు.

మూడోది కోనన్ ది బార్బేరియన్ 1, అదే 1970 అక్టోబరు. ముసుగు లేదు, అతీత శక్తి లేదు, కత్తి పట్టిన వీరుడు. సూపర్‌హీరో కాని కథలకు మళ్ళీ గిరాకీ మొదలైంది. ఇది సరుకు మారిన చోటు.

నాలుగోది 1971లో కామిక్స్ కోడ్ సడలింపు. అదే ఏడాది స్పైడర్‌మాన్ 96, 97, 98 సంచికలు అట్ట మీద కోడ్ ఆమోద ముద్ర లేకుండానే వచ్చాయి. మత్తుమందుల మీద హెచ్చరికగా కథ రాయమని ప్రభుత్వ ఆరోగ్య శాఖే మార్వెల్ ఎడిటర్ స్టాన్ లీని కోరింది. అయినా మత్తుమందుల ప్రస్తావన ఉంది కాబట్టి ముద్ర ఇవ్వం అన్నారు కోడ్ అమలు చేసేవాళ్ళు. సడలింపు తర్వాత రక్తపిశాచాలు, తోడేలు మనుషులు తిరిగొచ్చారు. టూంబ్ ఆఫ్ డ్రాక్యులా 1972లో మొదలైంది. ఇది నియమం మారిన చోటు.

ఐదోది అమేజింగ్ స్పైడర్‌మాన్ 121, 1973 జూన్. స్పైడర్‌మాన్ ప్రేయసి గ్వెన్ స్టేసీ చనిపోయింది. గిల్ కేన్ గీసిన ఆ పేజీలో వంతెన మీంచి పడిపోతున్న గ్వెన్ కాలిని స్పైడర్‌మాన్ సాలెదారం పట్టుకుంటుంది. ఆమె మెడ దగ్గర చాలా చిన్న అక్షరాలతో ఒక్క చప్పుడు, ఎముక విరిగిన శబ్దం, రాసి ఉంటుంది. గబగబా పేజీ తిప్పేస్తే కనిపించదు. హీరో కాపాడబోయిన చేతే చంపిందా అన్న ప్రశ్న ఆ ఒక్క మాటలో ఉంది. ఇది పాఠకుడికి ఉన్న నమ్మకం మారిన చోటు.

ఇప్పుడు మీరు ఏది ఎంచుకోవాలి? ముందు చెప్పిన పరీక్ష పెట్టండి: దీని వెనక ఎవరు నడిచారు? నా మటుకు నేను 1970 శరత్కాలం దగ్గర గీత గీస్తాను. కిర్బీ వెళ్ళడం రెండు పెద్ద సంస్థలనూ ఒకేసారి కదిపింది. కోనన్ అప్పుడే వచ్చింది. సూపర్‌మాన్ పత్రికలను ఏళ్ళ తరబడి నడిపిన మార్ట్ వైసింగర్ తప్పుకున్నదీ 1970లోనే. మూడు నాలుగు మార్పులు ఒకే చోట గుమిగూడితే దాన్ని హద్దు అనడం న్యాయం. గ్వెన్ మరణం అంతకంటే గొప్ప కథే. కానీ 1973 నాటికి బ్రాంజ్ ఏజ్ అప్పటికే నడుస్తోంది.

ఆరో అడుగు: అట్ట మీది ధరతో సరిచూసుకోండి

ఇది చాలా పనికొచ్చే కిటుకు. ముఖ్యంగా ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనేటప్పుడు. డీసీ, మార్వెల్ మామూలు సైజు సంచికల ధర 1961 చివరి దాకా 10 సెంట్లు. తర్వాత 12. 1969 మధ్యలో 15. 1971లో రెండు సంస్థలూ పేజీలు పెంచి 25కి వెళ్ళాయి. మార్వెల్ ఒక్క నెలకే 20కి దిగిపోయింది, డీసీ 1972 దాకా పాతికతోనే ఉండి పాఠకుల్ని పోగొట్టుకుంది. మళ్ళీ 1974లో 25, 1976లో 30, 1977లో 35, 1979 నాటికి 40. బార్‌కోడ్ కనిపిస్తే 1976 లేదా ఆ తర్వాతిది.

12 సెంట్లు ఉంటే నిశ్చింతగా సిల్వర్ అనుకోవచ్చు. 20 సెంట్లు ఉంటే బ్రాంజ్. ఈ రెండిటి మధ్య తేల్చడానికి 15 ఉంటేనే లోపలి తేదీ చూడాలి.

ఈ సంగతి నాకు డబ్బు పోయాకే తెలిసింది. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు సిల్వర్ ఏజ్ అని పెట్టిన మార్వెల్ కామిక్‌ని, అమెరికాలో ఉన్న మా తమ్ముడి చేత తెప్పించుకున్నాను. తీరా చూస్తే 1971 డిసెంబరు సంచిక. అట్ట మీద 20 సెంట్లు అని ఫొటోలోనే స్పష్టంగా ఉంది. అమ్మేవాళ్ళకి సిల్వర్ గీత ఎంత ముందుకు జరిగితే అంత లాభం, ఆ పేరుకి ఎక్కువ ధర వస్తుంది. అందుకే ట్యాగ్ మీద ఉన్న యుగాన్ని చూసి డబ్బు కట్టకండి. గ్రేడింగ్ సంస్థ సీజీసీ కూడా తన లేబుల్ మీద నెల, సంవత్సరం వేస్తుంది, యుగం పేరు వేయదు. అది మంచి పద్ధతి.

కోడ్ ముద్ర సంగతి కూడా. తపాలా బిళ్ళంత ఉండే ఆ ముద్ర 1955 తొలి నెలల నుంచి అట్టల మీద కనిపిస్తుంది. ముద్ర ఉంటే అంతకుముందుది కాదని చెప్పొచ్చు. ముద్ర లేకపోతే మాత్రం ఏమీ చెప్పలేం. డెల్ సంస్థ అసలు కోడ్‌లోనే చేరలేదు.

పునర్ముద్రణలతో ఇంకా జాగ్రత్త. 1974లో డీసీ యాక్షన్ కామిక్స్ 1ని పెద్ద సైజులో మళ్ళీ వేసింది. పై అట్ట తీసేస్తే లోపల పాత అట్ట అచ్చం అసలుదానిలా ఉంటుంది. దాన్ని అసలుదని అమ్మినవాళ్ళు ఉన్నారు. స్కేలు పెట్టి కొలిస్తే చాలు, బండారం బయటపడుతుంది.

ఏడో అడుగు: ఒక్కో పత్రికకి ఒక్కో గీత

అన్ని పత్రికలూ ఒకే రోజు యుగం మార్చుకోలేదు. బ్యాట్‌మాన్ సిల్వర్ ఏజ్‌లోకి నిజంగా వచ్చింది 1964 మేలో, డిటెక్టివ్ కామిక్స్ 327లో కొత్త రూపంతో అని చాలామంది అంటారు. బ్రాంజ్‌లోకి మాత్రం అతను తొందరగా వచ్చాడు. 1969 డిసెంబరు బ్యాట్‌మాన్ 217లో రాబిన్ కాలేజీకి వెళ్ళిపోతాడు, బ్యాట్‌మాన్ ఒంటరివాడవుతాడు. సూపర్‌మాన్‌కి 1971 జనవరి, 233వ సంచిక. స్పైడర్‌మాన్‌ని మాత్రమే సేకరించేవాళ్ళు 121నే గీతగా పెట్టుకుంటే నేను కాదనను. వాళ్ళ పెట్టెలో అది సరైన గీతే.

కాబట్టి రెండు గీతలు ఉంచుకోండి. మొత్తం సేకరణకి ఒకటి, ఆ పత్రికకి ఒకటి.

ఆ తర్వాతి యుగాలు

బ్రాంజ్ ముగింపుని ఎక్కువమంది 1984, 1986 మధ్య పెడతారు. సీక్రెట్ వార్స్, టీనేజ్ మ్యూటంట్ నింజా టర్టిల్స్ 1 రెండూ 1984లో వచ్చాయి. క్రైసిస్ ఆన్ ఇన్‌ఫినిట్ ఎర్త్స్ 1985లో మొదలైంది. డార్క్ నైట్ రిటర్న్స్, వాచ్‌మెన్ 1986లో. అక్కణ్ణుంచి 1992లో ఇమేజ్ కామిక్స్ పుట్టేదాకా కాపర్ ఏజ్, ఆపైన మోడర్న్ ఏజ్ అనేది ఒక లెక్క. కాపర్ అనే పేరే ఒప్పుకోని కలెక్టర్లూ ఉన్నారు, వాళ్ళకి 1985 తర్వాత అంతా మోడర్నే. ఆ కాలపు కామిక్స్ కుప్పలుగా దొరుకుతాయి కాబట్టి ధర మీద ఈ గీత ప్రభావం తక్కువ. దీని గురించి టెన్షన్ పడకండి.

చివరి అడుగు: రాసి పెట్టుకోండి

నోట్‌బుక్‌లో గానీ స్ప్రెడ్‌షీట్‌లో గానీ తేదీని పెన్నుతో రాసినట్టు రాయండి, యుగాన్ని పెన్సిల్‌తో రాసినట్టు రాయండి. ప్రతి సంచికకీ లోపలి తేదీ, అట్ట మీది ధర, మొత్తం గీత ప్రకారం యుగం, ఆ పత్రిక గీత ప్రకారం యుగం ఉండాలి. రెండు యుగాలూ తేడాగా వస్తే, ఎందుకో ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే, ఆ సంచిక మీరింకా సరిగ్గా చదవలేదన్నమాట.

నా ఆబిడ్స్ కామిక్ ఎంట్రీ ఇలా ఉంది: జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా 78. ఫిబ్రవరి 1970. అట్ట లేదు, ఆ నెల డీసీ ధర 15 సెంట్లు. మొత్తం గీత ప్రకారం సిల్వర్, ఎందుకంటే కిర్బీ ఇంకా మార్వెల్‌లోనే ఉన్నాడు. పత్రిక గీత ప్రకారం బ్రాంజ్, ఎందుకంటే లీగ్ కొండ గుహ వదిలి ఉపగ్రహానికి మారింది, విలన్లు చేసే నేరం భూమి గాలినీ నీటినీ కలుషితం చేయడం. రచయిత డెన్నీ ఓనీల్, రెండు నెలల తర్వాత గ్రీన్ లాంటర్న్ 76 రాసిన మనిషే.

దాన్ని బ్రాంజ్ పెట్టెలో అన్నిటికంటే ముందు పెట్టాను.